విదేశాంగ విధానానికి బయట మద్దతు ఎలా కూడగడతారు? తిరుపతి నుంచి ఒక పాత సమాచార ఉద్యోగి జవాబు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఎంపీల బృందాలు దేశాలు తిరిగి రావడం, జీ-20 సమావేశాలు, యోగా దినోత్సవం, వీటన్నింటినీ కలిపి నడిపేది ఎవరు అన్నది మొదటిది. ఇదంతా ప్రచారమే కదా, దీనికి ‘ప్రజా దౌత్యం’ అని పెద్ద పేరు దేనికి అన్నది రెండోది. నేను రాష్ట్ర సమాచార శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి తిరుపతిలోనే పదవీ విరమణ చేశాను. మధ్యలో మూడేళ్లు డిప్యుటేషన్ మీద ఢిల్లీలో ఉన్నాను. దౌత్యవేత్తను కాను. దౌత్యవేత్తలు రాసిన కాగితాలను విలేఖరుల చేతిలో పెట్టి, వాళ్ల ప్రశ్నలకు తల వంచుకున్నవాణ్ణి. నాకు తెలిసింది ఆ వైపు నుంచి తెలిసిందే.

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను, తేలిక కాబట్టి. చిత్తూరు పల్లెల్లో పెరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. ధర్మరాజుల గుడి దగ్గర ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివరి రోజు మట్టితో చేసిన కొండంత దుర్యోధనుడి వధ. రాయబారం ఆడే రాత్రి జనం రెండింతలు వస్తారు. చిన్నప్పుడు ఆ నాటకం చూస్తూ మా అవ్వను అడిగాను: సంధి కుదరదని కృష్ణుడికి ముందే తెలుసు కదా, మరి ఎందుకు వెళ్లాడు? ఆవిడ వక్క నములుతూనే చెప్పింది: “దుర్యోధనుడికి చెప్పడానికి కాదురా, సభలో మిగతావాళ్లు వినాలని.” రాయబారి అవతలి ప్రభుత్వంతో నాలుగు గోడల మధ్య మాట్లాడటం మామూలు దౌత్యం. సభలో మిగతావాళ్లు, అంటే అవతలి దేశపు పత్రికలు, పార్లమెంటు సభ్యులు, విశ్వవిద్యాలయాలు, వ్యాపారులు, మామూలు జనం వినేలా మాట్లాడటం ప్రజా దౌత్యం. అమెరికాలో ఎడ్మండ్ గలియన్ అనే మాజీ రాయబారి 1965లో ఈ పనికి ఆ పేరు ఖాయం చేశాడు. పని మాత్రం అంతకు చాలా పాతది.

ప్రచారానికీ దీనికీ మధ్య గీత ఎక్కడ ఉందని గట్టిగా అడిగితే, ఉంది కానీ సన్నగా ఉంది అంటాను. నా తరం వారికి సోవియట్ ప్రభుత్వం ఖర్చుతో వచ్చే ‘సోవియట్ భూమి’ పత్రిక గుర్తుండే ఉంటుంది. నున్నటి దళసరి కాగితం. బడి తెరవగానే మా పాఠ్యపుస్తకాలన్నింటికీ దానితోనే అట్టలు వేసేవాళ్లం. లోపలి వ్యాసం ఒక్కటైనా చదివినవాణ్ణి నేను చూడలేదు. కానీ విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో కారుచవకగా దొరికిన రష్యన్ పిల్లల కథలు మాత్రం ఇంటిల్లిపాదీ చదివాం. మాస్కో విధానం ఒప్పో తప్పో ఆ కథలు చెప్పలేదు. అయినా ఆ దేశం మీద ఒక మెత్తదనం మిగిలింది. ఖర్చు రెండింటికీ ఒకే ఖజానాది. పత్రిక అట్టలకు పోయింది, కథలు మనసులో ఉండిపోయాయి.

అందుకే ఈ పనిలో రెండు గడియారాలు ఉంటాయి. ఒకటి నెమ్మదిగా తిరిగేది, చదువు, కళలు, శిక్షణలది: బ్రిటిష్ కౌన్సిల్ 1934లో, అమెరికా ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనాలు 1946లో, మౌలానా ఆజాద్ చేతుల మీదుగా మన భారత సాంస్కృతిక సంబంధాల మండలి 1950లో, పరాయి దేశాల ఉద్యోగులను పిలిచి శిక్షణ ఇచ్చే మన ఐటెక్ కార్యక్రమం 1964లో మొదలయ్యాయి. వీటి ఫలం ఇరవై ఏళ్లకు కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించనే కనిపించదు. రెండోది ఉరుకులు పరుగుల గడియారం: ఈ రాత్రి ఒక దాడి జరిగింది, తెల్లారేసరికి ప్రపంచం ఏమనుకోవాలి? సమన్వయం అనే తలనొప్పి అంతా ఈ రెండో దానిదే. మొదటిదాన్ని రెండోదానికి బంటుగా మార్చబోయిన ప్రతిచోటా మొదటిదే చెడింది. నాట్యం చేయడానికి వెళ్లిన కళాకారిణి చేతిలో సరిహద్దు వివాదం మీద కరపత్రం పెడితే, ప్రేక్షకులు నాట్యాన్ని కూడా అనుమానంగా చూస్తారు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఒకే చోట మీట ఉండి, అది నొక్కగానే అందరూ ఒకేసారి మాట్లాడతారని మీరు ఊహించినట్లున్నారు. అలాంటి మీట ఏ దేశంలోనూ లేదు. మన విదేశాంగ మంత్రిత్వ శాఖలో విదేశీ ప్రచారం, ప్రజా దౌత్యం చూసే విభాగం ఒకటి ఉంది. గురువారమో శుక్రవారమో టీవీలో కనిపించే అధికార ప్రతినిధి ఆ విభాగం మనిషే. కానీ ఆయన చదివే మాట ఆయన సొంతంగా రాసుకున్నది కాదు. పాకిస్తాన్ సంగతైతే పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్‌లను చూసే విభాగం దగ్గర పుడుతుంది. సైన్యం సంగతి ఉంటే రక్షణ శాఖ చూడాలి, వాణిజ్యం ఉంటే వాణిజ్య శాఖ. ముఖ్యమైనదైతే ప్రధాని కార్యాలయం దాకా వెళ్లి రావాలి. అలా తిరిగి వచ్చిన నాలుగు వాక్యాలు ఒకే సమయంలో అధికార ప్రతినిధికీ, ప్రపంచంలోని మన రాయబార కార్యాలయాలకూ అందాలి.

ఆ కాగితం ఎలా ఉంటుందో చెబితే మీకు అసలు విషయం బోధపడుతుంది. రెండు భాగాలు. పైన, మనంతట మనం చెప్పవలసినవి. కింద, ‘అడిగితేనే’ అనే శీర్షికతో కొన్ని ప్రశ్నలు, వాటి జవాబులు. కింది భాగమే ఎప్పుడూ పెద్దది. కొత్తగా వచ్చిన ఉద్యోగి ఉత్సాహం కొద్దీ ‘అడిగితేనే’ భాగాన్ని ఎవరూ అడగకముందే చెప్పేస్తాడు. మర్నాడు పత్రికలో అదే పతాక శీర్షిక. ఇది నా కళ్లారా చూశాను, ఆ ఉద్యోగి నేను కాదని మాత్రం చెప్పుకోగలను.

ఇక్కడి ఉదాహరణ ఒకటి. శ్రీవారి దర్శనానికి విదేశీ నాయకులు రావడం తిరుపతికి మామూలే. శ్రీలంక ప్రధానిగా మహింద రాజపక్స 2020 ఫిబ్రవరిలో కాశీ, సారనాథ్, బుద్ధగయ చూసుకుని ఇక్కడికి వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. నేను చెప్పేది అంతకు ఎన్నో ఏళ్ల ముందు, మరో పొరుగు దేశపు నాయకుడి రాక గురించి. రేణిగుంట విమానాశ్రయంలో విమానం దిగడానికి గంట ముందు ముగ్గురం ఒకే ప్రెస్ నోట్ మీద కూర్చున్నాం: ఆ దేశపు రాయబార కార్యాలయం నుంచి వచ్చిన అధికారి, ఢిల్లీ ప్రోటోకాల్ అధికారి, జిల్లా తరఫున నేను. ఆలయ మర్యాదలతో చేసే ఇస్తికఫాల్ స్వాగతం, దర్శనం, రంగనాయకుల మండపంలో వేదాశీర్వచనం, శేషవస్త్రం, తీర్థప్రసాదాలు, ఇవన్నీ రెండు నిమిషాల్లో తేలాయి. ‘వ్యక్తిగత పర్యటన’ అన్న మాట దగ్గర నలభై నిమిషాలు పట్టింది. వ్యక్తిగతం అని రాస్తే రాజకీయ ప్రశ్నలకు జవాబు చెప్పే పని లేదు, ఢిల్లీకి అదే కావాలి. కానీ వారి దేశంలో ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, భారత్ గౌరవించి పిలిచిందని వారి పత్రికల్లో రావాలి. చివరికి ఆ విశేషణమే లేకుండా ‘పర్యటన’ అని రాసి బయటపడ్డాం. కొండ దిగాక మా విలేఖరి ఒకాయన, పొద్దున్నుంచి కాఫీ కూడా లేకుండా నిలబడ్డవాడు, సూటిగా ఒక ద్వైపాక్షిక వివాదం గురించి అడిగాడు. నాయకుడు నవ్వి, “ఈ రోజు దేవుడితో మాత్రమే మాట్లాడటానికి వచ్చాను” అన్నాడు. మా ముగ్గురి నలభై నిమిషాల పనినీ ఆయన ఒక్క వాక్యంతో దాటేశాడు. ఎంత సమన్వయం చేసినా ఆఖరి అడుగులో మాట్లాడేవాడి చమత్కారానికి చోటు వదలాలని నాకు ఆ రోజు తెలిసింది.

సమన్వయంలో మొదటి సమస్య అబద్ధం కాదు, గడియారం. 2001లో అఫ్ఘానిస్తాన్ యుద్ధం మొదలైనప్పుడు ఇస్లామాబాద్‌లో తాలిబన్ల రాయబారి రోజూ విలేఖరులతో మాట్లాడేవాడు. ఆ సమయానికి వాషింగ్టన్ నిద్రపోతూ ఉండేది. అమెరికా ప్రతినిధి లేచి జవాబు చెప్పేసరికి ఆసియాలో ఆ రోజు వార్తలు ముగిసేవి. దాంతో అమెరికా, బ్రిటన్ కలిసి వాషింగ్టన్, లండన్, ఇస్లామాబాద్‌లలో సమాచార కేంద్రాలు పెట్టి, ఒకచోట పొద్దుగూకితే ఇంకోచోటివారు అందుకునేలా ఏర్పాటు చేశాయి. మూడు ఊళ్లలో మూడు బల్లలు, అంతే. కానీ అది పనిచేసింది.

రెండో సమస్య లెక్కలు. ఢిల్లీలో ఉన్నప్పుడు ఒక సహాయ కార్యక్రమం మీద రెండు శాఖలు రెండు అంకెలు ఇచ్చాయి. ఒకరు పంపడానికి ఆమోదించినది లెక్కపెట్టారు, ఇంకొకరు నిజంగా ఓడ ఎక్కినది. రెండూ నిజాలే. విదేశీ విలేఖరి ఒకావిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఏది నమ్మమంటారు అని నన్ను అడిగింది. నేను టీ తెప్పించాను.

మూడోది, నా దృష్టిలో అన్నింటికంటే పెద్దది: నిర్ణయం జరిగే గదిలో ప్రచారం చేసేవాడికి కుర్చీ ఉందా? 1961లో పేరుమోసిన రేడియో, టీవీ ప్రసారకుడు ఎడ్వర్డ్ మర్రోను అధ్యక్షుడు కెనెడీ అమెరికా సమాచార సంస్థకు అధిపతిగా పెట్టాడు. ఆ ఏప్రిల్‌లో క్యూబా మీద అమెరికా వెనక ఉండి నడిపించిన బే ఆఫ్ పిగ్స్ దాడి జరిగి అభాసుపాలైంది. ఆ పథకం మర్రోకు ముందుగా ఎవరూ చెప్పలేదు. విమానం కూలినప్పుడు నన్ను పిలుస్తారు సరే, అది ఎగిరేటప్పుడు కూడా పిలవండి అన్న అర్థంలో ఆయన గట్టిగా మాట్లాడాడని చెబుతారు. మన పెద్దలు అడుసు తొక్కనేల కాలు కడుగనేల అన్నారు. ప్రభుత్వాలు మాత్రం అడుసు తొక్కాక నీళ్ల చెంబుతో సమాచార శాఖను పిలుస్తాయి. ఆ అమెరికా సమాచార సంస్థ 1953లో పుట్టి, 1999లో విదేశాంగ శాఖలో కలిసిపోయింది. రెండేళ్లు తిరక్కుండానే న్యూయార్క్ దాడులు జరిగాయి. అప్పుడు హడావిడిగా ఒక ప్రకటనల రంగ నిపుణురాలి ఆధ్వర్యంలో, అమెరికాలో ముస్లింలు ఎంత హాయిగా ఉన్నారో చూపే చిన్న చిత్రాలు తీయించారు. కొన్ని అరబ్ దేశాల ప్రభుత్వ టీవీలు వాటిని ప్రసారం చేసేది లేదన్నాయి. చూసినవారు కూడా, మేం అడుగుతున్నది మీ విధానం గురించి, మీ ఇరుగుపొరుగు గురించి కాదు అన్నారు.

సమన్వయం మరీ బాగా కుదిరితే ఏమవుతుందో 2003 చూపింది. ఇరాక్ మీద యుద్ధానికి ముందు లండన్, వాషింగ్టన్ ఒకే పాట పాడాయి. ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితిలో అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ మాట్లాడుతూ, బ్రిటిష్ ప్రధాని కార్యాలయం విడుదల చేసిన ఒక పత్రాన్ని మెచ్చుకున్నాడు. మర్నాడే బయటపడింది, ఆ పత్రంలో చాలా భాగం ఒక పరిశోధక విద్యార్థి వ్యాసం నుంచి తప్పులతో సహా ఎత్తిరాసినదని. ఇరాక్ దగ్గర ఉన్నాయని వారు చెప్పిన సామూహిక విధ్వంసక ఆయుధాలు తర్వాత ఎక్కడా దొరకలేదు. తలా ఒక మాట చెప్పి ఉంటే కొంత అయోమయం మిగిలేది. అందరూ ఒకే మాట చెప్పారు కాబట్టి అందరి నమ్మకమూ ఒకేసారి పోయింది.

మనవాళ్లు బాగా చేసిన సందర్భం చెప్పమంటే నేను ఎప్పుడూ 1994 జెనీవానే చెబుతాను. తెలుగువాడు ప్రధానిగా ఉన్నాడన్న అభిమానం కొంత ఉందనుకోండి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో కశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం పెట్టబోతోంది. పి.వి. నరసింహారావు ప్రతిపక్ష నాయకుడు వాజ్‌పేయిని భారత బృందానికి నాయకుడిగా పంపారు. విదేశాంగ సహాయ మంత్రి సల్మాన్ ఖుర్షీద్, కశ్మీర్ నుంచి ఫరూక్ అబ్దుల్లా వెంట ఉన్నారు. ఫిబ్రవరి 22న పార్లమెంటు కశ్మీర్ మీద ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఆస్పత్రి మంచం మీద ఉన్న విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్ లేచి టెహరాన్ వెళ్లి ఇరాన్ నాయకుల మద్దతు అడిగివచ్చారు. మార్చిలో పాకిస్తాన్ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఇక్కడ గమనించవలసింది వరస. ఇంట్లో పార్లమెంటు, బయట ప్రతిపక్ష నేత, తెర వెనక ఇరాన్. మూడు చోట్లా ఒకే వాక్యం చెప్పలేదు. ఒకచోటి మాట ఇంకోచోటి మాటను కాదనలేదు, అంతే. ప్రతిపక్ష నాయకుడు వచ్చి ప్రభుత్వం పక్షాన నిలబడ్డాడంటే, దానికి మించిన ప్రకటన ఏ సంస్థా తయారు చేయలేదు.

2025లో మీరు చూసిన ఏడు బృందాలు ఆ నమూనాకు పెద్ద సైజు. ఆపరేషన్ సిందూర్ తర్వాత అన్ని పార్టీల ఎంపీలూ, మాజీ దౌత్యవేత్తలూ 33 దేశాలకు వెళ్లారు. మన వైపు నుంచి పురందేశ్వరి, లావు శ్రీకృష్ణదేవరాయలు, హరీష్ బాలయోగి, హైదరాబాద్ నుంచి అసదుద్దీన్ ఒవైసీ వేర్వేరు బృందాల్లో ఉన్నారు. బయలుదేరే ముందు విదేశాంగ శాఖ వారికి విషయం వివరించింది. శశి థరూర్ బృందం కొలంబియాలో ఒక నిర్దిష్టమైన పని సాధించింది. పాకిస్తాన్‌లో చనిపోయినవారికి సంతాపం తెలుపుతూ ఆ దేశం ఇచ్చిన ప్రకటనను వెనక్కి తీసుకునేలా చేసింది. మిగతా చోట్ల ఏమి మారిందో కొలిచే గరిటె నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం చూశాను: ఆ పర్యటనల వార్తలు ఆ దేశాల పత్రికల్లో కంటే మన టీవీల్లో పదింతలు వచ్చాయి. అది తప్పని అనను, కానీ అది ప్రజా దౌత్యం కాదు, ఇంటి ప్రచారం. ఈ రెండూ కలిసిపోకూడదనే అమెరికా 1948లోనే ఒక చట్టం చేసి, బయటివారి కోసం తయారు చేసినవి సొంత ప్రజలకు చూపకూడదని ఆంక్ష పెట్టుకుంది. 2013 నుంచి ఆ కట్టును సడలించింది. మనకు అలాంటి చట్టం ఎప్పుడూ లేదు.

అదే సందర్భంలో ఒక లోటు కూడా జరిగింది. మే 7న దాడుల తర్వాత విదేశాంగ కార్యదర్శి, ఇద్దరు మహిళా సైనికాధికారులు కలిసి ఇచ్చిన వివరణ, ఎవరు ఏ భాషలో ఏమి చెప్పాలో చక్కగా పంచుకున్న పని. మన విమానాల నష్టం సంగతి దగ్గర మాత్రం కాగితంలో ఖాళీ ఉండిపోయింది. నష్టాలు పోరాటంలో భాగమేనన్న మాట మే 11న వచ్చింది. విమానాలు పోయిన మాట నిజమేనని త్రివిధ దళాధిపతి నోట వెలువడింది మే 31న, అదీ సింగపూర్‌లో విదేశీ విలేఖరులకు. ఈ మధ్యలో ఆ ఖాళీని అవతలివారు తమ లెక్కలతో నింపుకున్నారు. యుద్ధంలో అన్నీ చెప్పలేరు, ఒప్పుకుంటాను. ‘ఇప్పుడు చెప్పలేం, ఫలానా తర్వాత చెబుతాం’ అనైనా చెప్పవచ్చు కదా.

మన జిల్లాల వాళ్లకు దగ్గరగా తగిలిన ఉదాహరణ ఇంకొకటి. 2022 జూన్‌లో ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ఖతార్‌లో ఉన్నారు. అదే సమయంలో ఢిల్లీలో అధికార పార్టీ ప్రతినిధి ఒకరు టీవీ చర్చలో ప్రవక్త గురించి అన్న మాటలు గల్ఫ్‌కు చేరాయి. జూన్ 5న ఖతార్ మన రాయబారిని పిలిపించి నిరసన తెలిపింది. కువైట్ కూడా అదే చేసింది. అక్కడ ఒక దుకాణంలో మన సరుకులు అలమారాల నుంచి తీసేశారు. కువైట్ అంటే రాజంపేట, రాయచోటి, పీలేరు వైపు ప్రతి వీధిలో ఒక ఇంటికి జీతం వచ్చే చోటు. నెలల తరబడి తయారు చేసుకున్న పర్యటన, ఆ పర్యటనతో ఏ సంబంధమూ లేని ఒక టీవీ చర్చ ముందు తేలిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది ఇందుకే. ఇంట్లో అన్నమాట ఇంట్లోనే ఉంటుందనే కాలం పోయింది.

అలాగే 2021 జనవరి 20న భూటాన్, మాల్దీవులకు టీకాలు పంపడంతో మొదలైన ‘వ్యాక్సిన్ మైత్రి’. ఆ రెండు నెలల్లో వచ్చిన మంచిపేరు ఏ ప్రచార విభాగమూ తేలేనిది. మన దగ్గర రెండో అల వచ్చి ఎగుమతులు ఆగిపోయాక, డబ్బు కట్టి ఎదురుచూస్తున్న పొరుగువారు నొచ్చుకున్నారు. అప్పుడు ఏ నోట్ రాసినా దానికి పనికిరాదు. మనవాళ్లకే చాలనప్పుడు ఇవ్వలేమన్నది న్యాయమే. ఆ న్యాయాన్ని ముందుగా ఫోను చేసి చెప్పామా లేదా అన్నదే తేడా.

ఇతర దేశాల పద్ధతులు తెలుసుకోవాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. దక్షిణ కొరియా 2016లో ప్రజా దౌత్యానికి ప్రత్యేకంగా చట్టమే చేసింది. విదేశాంగ మంత్రి అధ్యక్షతన ఒక సంఘం, వేర్వేరు శాఖలు అందులో. జపాన్ చట్టం జోలికి పోకుండానే పని చేస్తుంది. సత్యవేడు దగ్గర శ్రీసిటీకి వెళ్లి చూడండి. చెన్నైలోని వారి కాన్సులేట్, వాణిజ్య సంస్థ, రుణాలిచ్చే సంస్థ, భాష నేర్పేవారు తలా ఒక పని చేస్తారు. ఎవరూ విదేశాంగ విధానం మాట ఎత్తరు. ఇసుజు కర్మాగారంలో పనిచేసే వరదయ్యపాళెం కుర్రాణ్ణి జపాన్ ఎలాంటి దేశమని అడగండి, తూర్పు చైనా సముద్రంలో ఆ దేశానికున్న వివాదం గురించి ఒక్క ముక్క తెలియకపోయినా మంచిమాటే చెబుతాడు.

మీరు పోటీ పరీక్షకు చదువుతున్నానన్నారు కాబట్టి ఒక పని చెబుతాను. నిర్వచనాలు బట్టీ పట్టేకంటే, విదేశాంగ శాఖ వారపు విలేఖరుల సమావేశాల పూర్తి పాఠం వారి వెబ్‌సైటులో ఉంటుంది, వరసగా ఒక ఆరు వారాలవి చదవండి. పెన్సిలుతో రెండు రకాల గుర్తులు పెట్టుకోండి. ప్రతినిధి తనంతట తాను చెప్పినవాటికి ఒకటి, అడిగితే చెప్పినవాటికి ఇంకొకటి. మూడో వారానికే, ఏ విషయం మీద కాగితం తిరగవలసినన్ని గదులు తిరిగి వచ్చిందో, ఏ విషయం మీద ఇంకా ఎవరి బల్ల మీదో ఆగి ఉందో మీకే తెలుస్తుంది.